ఆయాసం వచ్చిందని ఆక్సిజన్ పెంచొచ్చా? ఇంట్లో సీఓపీడీ పేషెంటుని చూసుకునేవాళ్ళకి నా జవాబు

అమ్మా, మీరు మూడు సంగతులు అడిగారు. సీఓపీడీతో (ఊపిరి గొట్టాలు ఇరుకై, గాలి సరిగా బయటికి పోని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు) ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చిన నాన్నగారికి రాత్రిళ్ళు ఆయాసం వస్తే, గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషన్, అంటే కాన్సంట్రేటర్‌ని డాక్టరు పెట్టిన నిమిషానికి 2 లీటర్ల నుంచి 4కో 5కో పెంచొచ్చా? రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి మిషన్ (ఆక్సీమీటర్) 89, 90 దగ్గరే ఆగుతోంది, పక్కింటివాళ్ళు 95 ఉండాలంటున్నారు, ఏది నిజం? ఇదివరకు రోజూ సాయంత్రం ఏటిగట్టు మీదికి వెళ్ళి కూర్చునేవారు, మళ్ళీ వెళ్ళొచ్చా? మొదటిది ప్రాణానికి సంబంధించింది కాబట్టి ముందు అదే చెప్తాను. డాక్టరు చెప్పకుండా ఆ నాబ్ తిప్పకండి.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు నర్సుగా చేశాను. అందులో ఎక్కువ కాలం ఊపిరితిత్తుల వార్డులోనే. ఇప్పుడు కోనసీమలో ఇళ్ళకి వెళ్ళి ఇలాంటి పేషెంట్లని చూస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేత్తో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక లంక నుంచి పంటు మీద ఏరు దాటించి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. నాది నైట్ డ్యూటీ. మనిషి డొక్కలెగరేస్తున్నారు. కొడుకు నా చేతులు పట్టుకుని "ఇంకాస్త గాలి పెట్టండి సిస్టరుగారూ" అన్నాడు. జాలేసి పెంచేశాను. గంట తిరక్కుండా రొప్పు తగ్గింది, ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్ర పట్టిందని కొడుకూ నేనూ సంతోషించాం. తెల్లవారుజామున డ్యూటీ డాక్టరు వచ్చి భుజం తట్టి పిలిస్తే ఆయన పలకలేదు. అది నిద్ర కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి కమ్మిన మత్తు. గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెడితే నాలుగు రోజులకి తేరుకున్నారు. ఆ కొడుకు ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఎందుకలా జరుగుతుందో మన డెల్టావాళ్ళకి కాలవలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి సంచులు పొలాలనుకోండి, రక్తం కాలవ నీళ్ళనుకోండి. చాలా ఏళ్ళు పొగకి పాడైన ఊపిరితిత్తుల్లో కొన్ని పొలాలకి గాలి సరిగా అందదు. శరీరం కాలవ తూములు చూసే లస్కరులాగా చూసుకుని, అటువైపు తూములు దించేసి, గాలి ఆడే వైపుకే రక్తాన్ని మళ్ళిస్తుంది. మనం ఆక్సిజన్ విపరీతంగా పెంచితే ఆ దించిన తూములన్నీ లేచిపోతాయి. గాలి ఆడని చోటికి రక్తం పోయి, అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ని వదిలించుకోలేక మోసుకుని తిరిగి వస్తుంది. దానికి తోడు కొందరిలో ఊపిరి తీసుకోవాలన్న ప్రేరణ కూడా కాస్త మందగిస్తుంది. సీఓపీడీ ఉన్న అందరికీ ఇలా కాదు. కానీ మీ నాన్నగారి డిశ్చార్జ్ కాగితంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉందని, బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టామని రాశారని చెప్పారు. కాబట్టి ఆయన ఆ కొందరిలో ఒకరు.

అందుకే రెండో ప్రశ్నకి జవాబు ఇది: ఇలాంటివాళ్ళకి ఉండాల్సింది 88 నుంచి 92. మీ పక్కింటివాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్క అది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ ఆక్సీమీటర్లు వచ్చినప్పుడు 94, 95 అన్న అంకెలు జనం మనసులో పడిపోయాయి. మీ నాన్నగారికి 90 ఉంటే బాగున్నట్టే. 96, 97 చూపిస్తే సంతోషించకుండా డాక్టరుకి ఫోన్ చేయండి, లీటర్లు తగ్గించమంటారేమో. అలాగని 82కి పడిపోయినా భయపడి ఆక్సిజన్ ఇవ్వకుండా ఉండకూడదు. తక్కువైతే ఇంకా తొందరగా ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని ఒక కాగితం మీద రాసిమ్మనండి: 88 కంటే తగ్గితే ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు ఇవ్వాలి, ఆక్సిజన్ ఎంతవరకు పెంచొచ్చు, ఎంతసేపు చూసి బయల్దేరాలి. ఆ కాగితం మంచం పక్కన గోడకి అంటించండి. 108 వాళ్ళు వచ్చినా, కొత్త ఆసుపత్రికి వెళ్ళినా ముందు అదే చూపించండి. హడావిడిలో ఎవరైనా మాస్క్ పెట్టి ఫుల్లుగా తిప్పేస్తే, "ఈయనకి 88 నుంచి 92 చాలన్నారండి" అని చెప్పే మనిషి పక్కన ఉండాలి.

వేలి మిషన్ చూసేటప్పుడు చెయ్యి వెచ్చగా ఉండాలి. డిసెంబర్ మంచులో చల్లబడిన వేళ్ళకి పెడితే తప్పుడు అంకెలు వస్తాయి. చెయ్యి రుద్ది, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, అంకె నిలబడ్డాక రాసుకోండి. పొద్దున, సాయంత్రం, ఆయాసం వచ్చినప్పుడు చాలు. కొందరిళ్ళల్లో రాత్రంతా పది నిమిషాలకోసారి పెట్టి చూస్తుంటారు. దానివల్ల పేషెంటుకి టెన్షన్, చూసేవాళ్ళకి నిద్ర లేకపోవడం తప్ప లాభం లేదు.

అంకె కంటే నేను మనిషిని ఎక్కువ నమ్ముతాను. ఇంటికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని, ఆయనకి తెలియకుండా ఊపిరి లెక్కపెట్టడం. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ, పూర్తిగా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెడతాను. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఊపిరి మారిపోతుంది. మామూలు మనిషికి 12 నుంచి 20. మీ నాన్నగారికి కులాసాగా ఉన్న రోజు ఎంతో ముందు తెలుసుకోండి. అది 22 అయితే, 28 అయిన రోజు తేడా మీకే తెలుస్తుంది. మాట కూడా చూడండి. ఒక వాక్యం పూర్తిగా అనగలుగుతున్నారా, మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా? మెడ దగ్గర కండరాలు బిగుస్తున్నాయా? కఫం రంగేమిటి, నిన్నటికంటే పెరిగిందా? పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతోందా? ఒక నోటుబుక్కులో తేదీ వేసి ఇవి నాలుగు ముక్కల్లో రాయండి. డాక్టరుకి "బానే ఉంటున్నారండి" అని చెప్పడం కంటే ఆ పుస్తకం చూపించడం వందరెట్లు మేలు.

ఇక నాన్నగారికి రాత్రిళ్ళు వచ్చే ఆయాసం సంగతి. రెండు గంటలకి లేచి "ఊపిరాడటం లేదే" అంటారు. అమ్మగారు కంగారు పడతారు. ఇంట్లో లైట్లన్నీ వేస్తారు, అందరూ చుట్టూ చేరతారు. ఆయన భయం రెట్టింపవుతుంది. భయంతో ఊపిరి పైపైన, గబగబా తీస్తారు. పాత గాలి బయటికి పోకుండానే కొత్త గాలి లోపలికి కుక్కుకుంటారు. సీఓపీడీలో అసలు కష్టం గాలి బయటికి పోకపోవడం. కాబట్టి మీరు ముందు ఇద్దరు తప్ప మిగతావాళ్ళని బయటికి పంపండి. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనించి, ముందు ఒక స్టూలు వేసి దానిమీద రెండు దిళ్ళు పెట్టి, మోచేతులు ఆనించి ముందుకు వాలమనండి. భుజాలకి ఆసరా దొరికితే ఛాతీ కండరాలు ఊపిరి పనికి వస్తాయి. టేబుల్ ఫ్యాను గాలి తిన్నగా ముఖానికి తగిలేలా పెట్టండి. ముఖం మీద గాలి తగిలితే ఊపిరాడని బాధ తగ్గుతుంది. ఇది మనవాళ్ళు విసనకర్రతో ఎప్పుడూ చేసేదే.

తర్వాత ఎదురుగా కూర్చుని మీరూ ఆయనతో పాటు ఊపిరి తీయండి. ముక్కుతో నెమ్మదిగా రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు లోపలికి. పెదాలు ఈల వేసినట్టు బిగించి నాలుగు అంకెలసేపు బయటికి. వేడి టీ ఊదుకున్నట్టు ఊదమంటే మన పెద్దవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. బలవంతంగా ఊదకూడదు, నిదానంగా వదలాలి. దీన్ని పగలు బాగున్నప్పుడు రోజుకి మూడు నాలుగుసార్లు అలవాటు చేయండి. ఆయాసంలో కొత్తగా నేర్పితే ఎవరికీ రాదు. స్పేసర్ అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం; డాక్టరు అత్యవసరానికి రాసిన పఫ్‌లు స్పేసర్‌తో ఇవ్వండి. నెబులైజర్ (మందుని సన్నటి తుంపరగా చేసి పీల్పించే మిషన్) పెట్టేటట్టయితే అది ఇంటి కంప్రెసర్ గాలి మీదే నడవాలి, ముక్కుకున్న 2 లీటర్ల గొట్టం అలాగే ఉంచండి.

పావుగంటకి కుదుటపడితే సరే. కుదుటపడకపోయినా, పెదాలు నీలంగా మారినా, రెండు మాటలకి మించి అనలేకపోతున్నా, ఊపిరి నిమిషానికి 30 దాటినా, రాసిచ్చిన ప్రకారం చేశాక కూడా 88కి రాకపోయినా 108కి ఫోన్ చేయాలి. నేను అన్నిటికంటే భయపడేది ఇంకొకటుంది: ఆయాసంలో ఉన్న మనిషి ఉన్నట్టుండి మత్తుగా అయిపోవడం. పొద్దున్నే తలనొప్పి అనడం, పగలంతా జోగడం, పొంతన లేని మాటలు, చేతులు చాపి మణికట్లు పైకి వంచమంటే అరచేతులు టపటపా కొట్టుకున్నట్టు వణకడం. ఇవన్నీ కార్బన్ డయాక్సైడ్ పెరిగిన గుర్తులు. అప్పుడు మిషన్ 95 చూపిస్తున్నా ఆగకండి. ఇందుకే నిద్రమాత్రలు, మత్తు కలిసిన దగ్గు సిరప్‌లు మందుల షాపులో అడిగి తెచ్చి వేయకూడదు. కంటి చుక్కల మందులు కూడా డాక్టరుకి చూపించండి. నీటికాసులకి వాడే టిమోలాల్ చుక్కలు కొందరిలో ఊపిరి గొట్టాలని బిగిస్తాయి. ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు.

ఇన్‌హేలర్ల గురించి మీరు అడగలేదు. కానీ నేను వెళ్ళిన ఇళ్ళల్లో ఎక్కువ తప్పులు కనిపించేది అక్కడే. ఒకాయన నెలన్నరపాటు, పీల్చాల్సిన పొడి మందు ఉండే రోటాక్యాప్ గొట్టాలని నీళ్ళతో మింగారు, మందు పనిచేయడం లేదని తిట్టుకున్నారు. ఆయన తప్పేముంది, గొట్టం చూస్తే మింగే మందులాగే ఉంటుంది, ఎవరూ చేసి చూపించలేదు. పొడి మందు పీల్చే రోటాహేలర్‌కి గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. నొక్కితే వచ్చే పఫ్‌కి దానికి పూర్తిగా ఎదురు, నెమ్మదిగా పీల్చాలి. రెండూ ఉన్న ఇళ్ళల్లో ఒకటి రెండోదానిలా వాడేస్తారు. ఏదైనా సరే, ముందు ఊపిరి బయటికి వదిలేయాలి, పీల్చాక పది అంకెలసేపు, లేదా ఆపగలిగినంతసేపు, బిగబట్టాలి. పఫ్‌ని బాగా ఊపి, ఒక్కసారికి ఒక్కటే నొక్కాలి. రెండోదానికి అర నిమిషం నుంచి నిమిషం ఆగాలి. వయసులో పెద్దవాళ్ళకి నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు కాబట్టి స్పేసర్ తప్పనిసరి. దాన్ని వారానికోసారి సబ్బునీళ్ళలో కడిగి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవకండి. తుడిస్తే లోపల మందు గోడలకి అంటుకుపోతుంది.

స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, తిండి సయించదు. రోటాక్యాప్‌లని మన తేమకి బయట పెట్టకండి, మెత్తబడి పొడి ముద్దకడుతుంది. వాడే నిమిషంలోనే తీయాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నర్సు ముందు నాన్నగారి చేత ఇన్‌హేలర్ వాడించి చూపించండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కఫం తీయడానికి గట్టిగా దగ్గమనకండి. దగ్గు తెరకి మనిషి సొమ్మసిల్లిపోతారు. ఊపిరి మామూలుగా తీసుకుని, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి "హా" అని రెండుసార్లు వదలమనండి. కఫం పైకి వచ్చాక ఒక్క దగ్గు చాలు. డాక్టరు గుండె గురించి నీళ్ళు తగ్గించమని చెప్పకపోతే గోరువెచ్చటి నీళ్ళు తరచూ ఇవ్వండి. మరిగే నీళ్ళ గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టడం మాత్రం వద్దు. వణికే చేతులతో గిన్నె ఒళ్ళో పడి కాలినవాళ్ళని చూశాను.

కాన్సంట్రేటర్ రోజుకి కనీసం 15 గంటలు పెట్టమన్నారంటే, రాత్రి నిద్ర మొత్తం, పగలు కొంతసేపు అని అర్థం. ఆయాసం వచ్చినప్పుడే పెడితే గుండెకి రావలసిన మేలు రాదు. గోడకి ఆనించకుండా జానెడు దూరంలో ఉంచండి, వెనక ఫిల్టరు వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. నీళ్ళ సీసా ఉంటే కాచి చల్లార్చిన నీళ్ళు రోజూ మార్చండి. చెవుల వెనక గొట్టం ఒరుసుకుని పుండు పడుతుంది, మెత్తటి గుడ్డ చుట్టండి. ముక్కు ఎండిపోతే కొబ్బరినూనె, వ్యాజిలిన్ రాయకూడదు. నూనె, ఆక్సిజన్ కలిస్తే మంట అంటుకునే ప్రమాదం. నీళ్ళతో చేసిన జెల్ మందుల షాపులో దొరుకుతుంది. ఆ గదిలో దీపం, అగరొత్తి, సాంబ్రాణి ఉండకూడదు. దేవుడి మందిరం అదే గదిలో ఉంటే మంచాన్ని వేరే గదికి మార్చండి. ఈ మాటకి అమ్మగారు నొచ్చుకుంటారు, నాకు తెలుసు. ఆవిడకి నెమ్మదిగా చెప్పండి.

పొగ గురించి నేను కఠినంగానే మాట్లాడతాను. నాన్నగారు లంక పొగాకు చుట్ట నలభై ఏళ్ళు కాల్చి ఇప్పుడు "రోజుకొకటే" అంటున్నారని రాశారు. ఆ ఒక్కటి కూడా వద్దు. ఆక్సిజన్ గొట్టం ముక్కున పెట్టుకుని నిప్పంటిస్తే ముఖం కాలిపోతుంది. మానడానికి మందులున్నాయి, డాక్టరుని అడగండి. తిట్టి మాన్పించినవాళ్ళని నేను ఎక్కడా చూడలేదు. పెరట్లో కొబ్బరి మట్టలు, డొక్కలతో నీళ్ళు కాచే పొయ్యి కూడా అంతే చెడ్డది. చుట్ట ముట్టని ఆడవాళ్ళు ఎంతోమంది ఆ పొయ్యి పొగకే ఈ జబ్బు తెచ్చుకుని నా వార్డుకి వచ్చారు. మీ అమ్మగారికి పొద్దున దగ్గు ఉందేమో అడగండి. రెండు వారాలకి మించి దగ్గు ఉంటే ఆవిడకి కఫం పరీక్ష కూడా చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితమే. దోమలకి కాయిల్స్ వెలిగించడం మానేసి దోమతెర కట్టండి. సార్వా, దాళ్వా నూర్పిళ్ళప్పుడు కల్లం వైపు కిటికీలు మూయండి. భోగి మంట, దీపావళి టపాసులప్పుడు ఆయన్ని లోపలి గదిలో ఉంచండి.

తిండి విషయంలో పెద్దగా పథ్యాలు లేవు. పాలు, పెరుగు కఫం పెంచుతాయన్నది అపోహ, మానిపించకండి. ఈ జబ్బులో ఊపిరి తీయడానికే ఒంట్లో శక్తి ఖర్చవుతుంది, మనిషి చిక్కిపోతారు. ఒక్కసారి కడుపునిండా పెడితే పొట్ట పైకి నెట్టి ఆయాసం వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. గుడ్డు, పప్పు, ముళ్ళు తీసిన చేప, మెత్తగా కలిపిన అన్నం. తినేటప్పుడు గొట్టం తీయనక్కర్లేదు. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన న్యుమోనియా టీకా వేయించండి.

మన ప్రాంతంలో కరెంటు గురించి ఆలోచించకుండా కాన్సంట్రేటర్ కొనడం ప్రమాదం. 1996 నవంబర్ 6 తుఫాను తర్వాత కోనసీమ ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీ అమ్మగారిని అడగండి. 2022 జూలై వరదల్లో లంకలకి పడవలే దిక్కయ్యాయి. ఒక సిలిండర్ ఇంట్లో ఉండాలి. చిన్న బి టైపులో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. పెద్ద డి టైపులో సుమారు 7,000 లీటర్లు, రెండు రోజులు దాటి వస్తుంది. గోడకి గొలుసుతో కట్టండి, తెరిచే స్పానర్ దానికే వేలాడదీయండి. వాయుగుండం అని వార్త వినగానే, గాలి మొదలవక ముందే, ఏరు దాటి బంధువుల ఇంటికి చేర్చండి. గాలి మొదలయ్యాక పంటు కదలదు.

ఇక ఏటిగట్టు. వెళ్ళొచ్చు, వెళ్ళాలి కూడా. మంచానికే అతుక్కుంటే కాళ్ళ కండరాలు కరిగి, నాలుగడుగులకే ఆయాసం వచ్చే స్థితి వస్తుంది. ముందు డాక్టరుగారి దగ్గర ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ ఎంత పడుతోందో చూడమనండి. నడిచేటప్పుడు చిన్న సిలిండర్ కావాలా లేదా అప్పుడు తేలుతుంది. సరేనన్నాక మొదటి వారం వాకిలి దాకా, తర్వాత వీధి చివర దాకా. పఫ్ తీసుకున్న పావుగంటకి బయల్దేరండి, తిన్న వెంటనే వద్దు. రెండడుగులు ఊపిరి లోపలికి, నాలుగడుగులు బయటికి. మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. మీరు పక్కన ఒక మడత స్టూలు పట్టుకుని నడవండి, ఆయన ఆగమన్న చోట వేయండి. గట్టు ఎక్కే వాలు దగ్గర ఒక అడుగుకి ఒక ఊపిరి వదలడం, ఆగడం, మళ్ళీ ఇంకో అడుగు. దిగేటప్పుడు మంచు పడకముందే దిగిపోవాలి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మరీను. మొదటి రోజు గట్టు ఎక్కినప్పుడు నోటుబుక్కులో ఆ తేదీ రాయండి. కిందటి నెల వాకిలి దాటలేదని ఆయనకి చూపించడానికి పనికొస్తుంది.